గ్రహాల వేగాలు – నా నోటుబుక్కు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి డిసెంబరు 17న మనం ఇలా కలుసుకోవడం ఆనవాయితీ. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను దయాభిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. డి.ఆర్. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడడానికి నాకన్న సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నాతో, "ఏదైనా సైన్సు చెప్పండి సార్, అరగంట మాత్రం దాటొద్దు" అన్నారు. చెబుతాను. చెప్పే క్రమంలో నా పరువు కొంత పోతుంది. ఈ వయసులో దాన్ని దాచుకుని చేసేదేముంది?

నేను బోధన్, నిజామాబాదు జూనియర్ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన వాణ్ణి. రిటైరయ్యాక కొందరు తోట పెంచుతారు, కొందరు భాగవతం చదువుతారు, కొందరు కోర్టు కేసులు వేస్తారు. నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. అందులో ఒకటే విషయం. గ్రహాలు సూర్యుని చుట్టూ ఏ వేగంతో తిరుగుతున్నాయి, ఆ వేగాలే ఎందుకు?

ముందు వేగాలు చెబుతాను. సగటు దూరాన్ని బట్టి లెక్కిస్తే సెకనుకు బుధుడు 47.9 కిలోమీటర్లు, శుక్రుడు 35.0, మన భూమి 29.8, కుజుడు 24.1, గురుడు 13.1, శని 9.6. మీరు కుర్చీలో కదలకుండా కూర్చుని టీ తాగే అయిదు నిమిషాల్లో భూమి మిమ్మల్ని దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్లు మోసుకుపోతుంది. బోధన్ బస్సులో నిలబడి ప్రయాణం చేసిన వాళ్ళకు ఈ సుఖం విలువ తెలుస్తుంది.

ఈ అంకెల వెనుక ఒక నియమం ఉంది. 1619లో కెప్లర్ దాన్ని ప్రకటించాడు. ఆయన చెప్పింది వేరే మాటల్లో, నేను మన లెక్కలోకి మారుస్తున్నాను. వేగాన్ని వర్గం చేసి, సూర్యుని నుంచి దూరంతో గుణించండి. భూమి దూరాన్ని ఒకటి అనుకుంటే భూమికి 888 వస్తుంది. కుజుడి దూరం 1.52, అతనికి 883. గురుడి దూరం 5.2, అతనికి 892. దశాంశాలు ఇంకా పొడిగిస్తే మూడూ ఒకటే అవుతాయి. ఎందుకు ఒకటే అన్నది తర్వాత న్యూటన్ చెప్పాడు. ఆ 888లో దాగి ఉన్నది సూర్యుడి ద్రవ్యరాశి, గురుత్వ స్థిరాంకం, ఆ రెండే. దూరం చెబితే వేగం చెప్పేయవచ్చు. కానీ గ్రహం ఫలానా దూరంలోనే ఎందుకుంది అన్నదానికి న్యూటన్ సమాధానం ఇవ్వడు. ఏ దూరంలో ఉన్నా ఆయనకు అభ్యంతరం లేదు. నా లాంటి వాళ్ళకు దురద పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ఈ దురద మనవాళ్ళకూ ఉండేది. ఉగాదినాడు పంచాంగ శ్రవణం వింటాం కదా, ఆ పంచాంగాలకు మూలగ్రంథాల్లో ఒకటి సూర్యసిద్ధాంతం. గ్రహాలన్నీ ఆకాశంలో రోజుకు ఒకే దూరం నడుస్తాయని అందులో ఒక ధైర్యమైన ఊహ ఉంది. ఆ దూరం సుమారు 11,858 యోజనాలు. చంద్రుడు తొందరగా చుట్టి వస్తాడంటే అతని దారి చిన్నది, శని నెమ్మదిగా కనిపిస్తాడంటే అతని దారి పెద్దది. నడక మాత్రం అందరిదీ ఒకటే. చంద్రుడి కక్ష్య 3,24,000 యోజనాలన్నారు. ఆ గ్రంథంలోనే భూమి వ్యాసం 1,600 యోజనాలని ఉంది కాబట్టి యోజనం మన లెక్కలో సుమారు ఎనిమిది కిలోమీటర్లు. అలా చూస్తే చంద్రుడి దూరం 4 లక్షల 10 వేల కిలోమీటర్లు వస్తుంది. నేటి కొలత 3 లక్షల 84 వేలు. అంత దగ్గరగా వచ్చిందంటే చేతులెత్తి నమస్కరించాలి. అయితే అదే నడకతో సూర్యుడి దూరం లెక్కిస్తే సుమారు 55 లక్షల కిలోమీటర్లే వస్తుంది. అసలుది 15 కోట్లు, అంటే ఇరవై ఏడు రెట్లు తక్కువ.

దీన్ని తప్పు అనడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. క్లాసులో "మన పూర్వులకు అన్నీ తెలుసు" అని చప్పట్లు కొట్టించుకున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు వేరే విధంగా గౌరవిస్తాను. వాళ్ళు ఊహ చేశారు, దానికి అంకె ఇచ్చారు. అంకె ఇచ్చారు కాబట్టే తర్వాతి వాళ్ళు సరిచూడగలిగారు. గ్రహణాలకు, తిథులకు కావలసినది కోణాలు. వాటిని వాళ్ళు కంటితో చూసి దిద్దుకున్నారు కాబట్టి పంచాంగానికి ఏ లోటూ రాలేదు.

పాశ్చాత్యులూ తక్కువ తినలేదు. 1766లో టీటియస్ అనే ఆయన, 1772లో బోడే అనే ఆయన ఒక వరుస చెప్పారు. సున్న, 3, 6, 12, 24 ఇలా రాసుకుని, ఒక్కోదానికి 4 కలిపి, పదితో భాగిస్తే గ్రహాల దూరాలు వస్తాయి. బోడే నియమం అనగానే మా బోధన్ పిల్లలు "మన ఊరిదా సార్" అనేవారు. కాదు, జర్మనీది. 1781లో హెర్షెల్ యురేనస్‌ను కనిపెడితే అది వరుసలో కూర్చుంది. కుజుడికీ గురుడికీ నడుమ ఖాళీ గడి ఉంటే 1801 జనవరి ఒకటిన పియాజ్జీకి సెరెస్ అక్కడ దొరికింది. ఇక నియమం సత్యమే అనుకున్నారు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. వరుస ప్రకారం 38.8 దగ్గర ఉండాలి, ఉన్నది 30 దగ్గర. నియమం పరువు ఆనాడే పోయింది.

ఇక నా నోటుబుక్కు. 1913లో నీల్స్ బోర్ హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ ఎలా తిరుగుతుందో చెప్పాడు. మొదటి కక్ష్యలో సెకనుకు 2,188 కిలోమీటర్లు, రెండో దానిలో అందులో సగం, మూడో దానిలో మూడో వంతు. మధ్యలో మెట్టు లేదు. పరమాణువులో మెట్లుంటే సౌరకుటుంబంలో ఎందుకుండవు? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. రాత్రి భోజనం కాగానే కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. 100 నుంచి మొదలుపెట్టి 300 దాకా ఒక్కో అంకెను వరుసగా భాగించుకుంటూ పోయాను. ఒక రాత్రి 144 దగ్గర ఆగాను. మూడుతో భాగిస్తే 48, బుధుడు 47.9. నాలుగుతో 36, శుక్రుడు 35. అయిదుతో 28.8, భూమి 29.8. ఆరుతో 24, కుజుడు 24.1. పదకొండుతో 13.1, గురుడు. పదిహేనుతో 9.6, శని! అబద్ధమెందుకు, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా ఆవిడను లేపి చెప్పాను. "రేపు పొద్దున కూడా గ్రహాలు అక్కడే ఉంటాయి కదా, పండుకోండి" అంది.

కొన్నాళ్ళకు మా మనవడు కంప్యూటర్‌లో వెతికి, "తాతా, ఇది నీకన్న ముందే ఒకాయన చెప్పిండు" అన్నాడు. ఫ్రాన్సులో లోరాన్ నొటాల్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు 1990లలోనే ఇదే 144ను తీసుకుని, గ్రహాలకు కూడా పరమాణువు వంటి సమీకరణం వర్తిస్తుందని వాదించాడు. ఆయన వెనుక పెద్ద గణితం ఉంది, నా వెనుక కాలిక్యులేటర్ ఉంది, అదీ తేడా. శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదని కూడా మనవడు చదివి చెప్పాడు. ఆ వాక్యం నా చెవికెక్కలేదు. ఎక్కింది ఒక్కటే – ఫ్రాన్సు వాడికి కూడా 144 వచ్చింది.

అక్కడి నుంచి 137 మీద పడ్డాను. కాంతి వేగాన్ని ఎలక్ట్రాన్ మొదటి కక్ష్యలోని వేగంతో భాగిస్తే 137 వస్తుంది. దానికి ఏ యూనిట్లూ లేవు. కిలోమీటరులో కొలిచినా, క్రోసులో కొలిచినా అంతే. ఈ అంకె చాలామంది మహానుభావులను తిప్పలు పెట్టింది. 1919 గ్రహణంలో ఐన్‌స్టైన్ మాటను నిలబెట్టిన ఎడింగ్టన్ అంతటివాడు అది సరిగ్గా 136 అయి తీరాలని గణితంతో నిరూపించబోయాడు. కొలతలు 137 వైపు తేలగానే మరొకటి కలిపి 137 అన్నాడు. ఇంగ్లండులో ఆయన పేరును 'సర్ ఆర్థర్ యాడింగ్-వన్' అని మార్చి ఎగతాళి చేశారు, అంటే ఒకటి కలిపే దొర అని. 1931లో బేథే, మరి ఇద్దరు కుర్ర శాస్త్రజ్ఞులు పరమశూన్య ఉష్ణోగ్రత అయిన మైనస్ 273కూ 137కూ సంబంధం నిరూపించినట్టు ఒక వ్యాసం రాసి జర్మన్ పత్రికకు పంపితే, అది వేళాకోళమని తెలియక సంపాదకుడు అచ్చు వేశాడు. నేటి కొలతలో ఆ విలువ 137.036. పూర్ణాంకం కానే కాదు.

ఇవన్నీ నాకు తెలుసు, క్లాసులో చెప్పి నవ్వించిన వాణ్ణే. అయినా నా 144 సంగతి వేరు అనుకున్నాను. వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. మూడు రోజుల్లో జవాబు వచ్చింది. నా పరిశోధన అమోఘం, ప్రచురణ రుసుము పంపించండి అని. రుసుము డాలర్లలో ఉంది. అది కాక తెలుగులో పుస్తకం వెయ్యి ప్రతులు వేయిద్దామని ఒక ప్రెస్సులో ఎస్టిమేటు కూడా తీసుకున్నాను. రెండూ కలిపి చూస్తే గ్రాట్యుటీలో మిగిలిన ఫిక్స్‌డ్ డిపాజిట్ పగలగొట్టాలి. ఆ డిపాజిట్ మా ఆవిడ మోకాళ్ళ ఆపరేషన్ కోసం అట్టిపెట్టినది. ఆమె అప్పటికి మెట్లెక్కడం మానేసి ఏడాది దాటింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. "మీకు అంత నమ్మకముంటే వేయించుకోండి" అని మాత్రం అంది. ఆ మాట విని సంతోషించిన మనిషిని నేను. ఈ సభలో ఆ మాట ఒప్పుకోవాలనే ఇవాళ వచ్చాను.

నాకు శక్కర్‌నగర్ బడి నాటి మిత్రుడొకడు ఉన్నాడు, లెక్కల మాస్టరుగా రిటైరయ్యాడు. తిలక్ గార్డెన్‌లో రోజూ కలుస్తాం. బ్యాంకుకు వెళ్ళేముందు నోటుబుక్కు అతనికి చూపించాను, మెచ్చుకుంటాడని. గంటసేపు చదివాడు.

"ఒరేయ్, మీ ఇంట్లోళ్ళ వయసులు చెప్పు" అన్నాడు.

చెప్పాను. అప్పుడు నాకు 72. "144ను రెండుతోటి భాగించు" అన్నాడు. మా అబ్బాయికి 48, మూడుతో సరిగ్గా. అమ్మాయికి 37, నాలుగుతో 36, శుక్రుడికి వచ్చినంత తేడానే. పెద్ద మనవడికి 21, ఏడుతో 20.6. మనవరాలికి 14, పదితో 14.4. చిన్నవాడికి తొమ్మిది, పదహారుతో సరిగ్గా. మా ఆవిడ వయసు 66 మాత్రం కుదరలేదు. ఆమె ఏనాడూ నా లెక్కకు లొంగలేదు.

"ఇగ మీ ఇంట్ల కూడా పరమాణువు ఉన్నదా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అతను ఆగలేదు. "144 ఒక్కటేనా? 240 పెట్టి చూడు. అయిదుతోటి 48, ఏడుతోటి 34.3, ఎనిమిదితోటి 30, పదితోటి 24. నీ దానికంటె దగ్గర వస్తున్నది." అవి వరుస అంకెలు కావు కదా అన్నాను. "నువ్వు ఆరు నుంచి పదకొండుకు, పదకొండు నుంచి పదిహేనుకు దుంకలేదా? ఒకటీ రెండూ ఎక్కడ పోయినయ్?" అన్నాడు.

తర్వాత పెన్సిల్ తీసి, 20కీ 50కీ నడుమ ఏ అంకె చెప్పినా నేను ఒప్పుకున్న తేడాలో 144 భాగానికి తగిలే అవకాశం ఉజ్జాయింపుగా మూడింట ఒకటని చూపించాడు. పది దాటిన భాగాలకైతే మెట్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఏ అంకె అయినా అయిదు శాతం లోపు ఏదో ఒక మెట్టు మీద పడాల్సిందే. అంటే గురుడు, శని నాకు సాక్ష్యమే కాదు. మిగిలిన నాలుగూ కలిసి తగలాలంటే ఎనభైయొకటిలో ఒక అవకాశం. "ఎనభై ఒకటిల ఒకటంటె తక్కువేం కాదు" అన్నాను. "నువ్వు ఎన్ని అంకెలు పెట్టి చూసినవ్?" అన్నాడు. 100 నుంచి 300. రెండు వందల ఒకటి.

నేను మాట్లాడలేదు. అతనే అన్నాడు, "మీ నాయన రీడింగు ఎట్ల రాస్తుండె?"

మా నాన్న శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ లేబరేటరీలో పనిచేశారు. 1937లో నిజాం కాలంలో వెలిసిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్ అయింది. ఆ ఊరి వాళ్ళకు నేను ఇంతకన్న చెప్పనక్కరలేదు. సీజన్‌లో బండ్ల బారు, రాత్రిపూట మొలాసిస్ వాసన, గాలికి ఎగిరివచ్చే పిప్పి పొట్టు మీకు తెలిసినవే. లేబరేటరీలో పోలారిమీటరు అని ఒక పొడుగాటి గొట్టం ఉండేది. ధ్రువిత కాంతి చక్కెర నీళ్ళ గుండా పోతే కొంత మెలి తిరుగుతుంది, ఎంత చక్కెర ఉంటే అంత మెలి. ఫ్రాన్సులో బియో 1815లో కనిపెట్టిన సంగతి ఇది. 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను 100 మిల్లీలీటర్లకు కలిపి ఇరవై సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే స్కేలు మీద సరిగ్గా 100 చూపాలి. చెరకు విలువ, ఫ్యాక్టరీ రికవరీ, ఎన్నో కుటుంబాల అన్నం ఆ మెలి మీదే ఆధారపడి ఉండేవి. మౌలిక భౌతికశాస్త్రం మా బోధన్‌లో పొయ్యి వెలిగించింది అంటే అతిశయోక్తి కాదు. మా నాన్నకు ఒక అలవాటు. శాంపిల్ సీసా మీద నంబరే చూసేవారు. కన్ను గొట్టానికి ఆనించి, రీడింగు రిజిస్టర్‌లో రాశాకనే అది ఏ మడిదో చీటీ తిప్పి చూసేవారు. ముందే చూస్తే కన్ను మన ఇష్టం వచ్చినచోట ఆగుతుంది బిడ్డా, అనేవారు. ఆ లేబరేటరీ గడప దగ్గర కూర్చుని నేనూ, ఈ మిత్రుడూ ఆ మాట విన్నవాళ్ళమే. నేను చీటీ ముందు తిప్పి, గ్రహాలను చూస్తూ, వాటికి సరిపోయే అంకెను వెతికాను.

బ్యాంకుకు పోలేదు. కొన్ని నెలలు నోటుబుక్కు తెరవలేదు కూడా. తర్వాత వెనుక మిగిలిన తెల్ల కాగితాల్లో ఇంకో లెక్క వేసుకున్నాను, దాన్ని చెప్పి ముగిస్తాను. గ్రహాల వేగానికీ మౌలిక భౌతికశాస్త్రానికీ నిజమైన బంధం ఉంది. నేను వెతికినచోట లేదు, అంతే. భూమి వేగం కాంతి వేగంలో సుమారు పదివేలో వంతు. ఇదీ నా నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఉంది. ఆ పదివేలులో మహిమ ఏమీ లేదు, కుజుడి మీద పుట్టి ఉంటే పన్నెండు వేల నాలుగు వందలు రాసుకునేవాణ్ణి. కానీ ఆ చిన్న భాగం ఆకాశంలో కనబడుతుంది. వానలో నడిచేవాడు గొడుగు ముందుకు వంచినట్టు, నక్షత్రం కోసం దూరదర్శినిని కూడా రవ్వంత వంచాలి. 1728లో బ్రాడ్లీ ఆ వంపు 20 సెకన్ల చిల్లర కోణమని కొలిచాడు. 1887లో మైకెల్సన్, మోర్లీ ఇదే ముప్పై కిలోమీటర్ల వేగాన్ని భూమి మీదే కాంతితో పట్టుకోబోతే ఏమీ చిక్కలేదు. ఆ చిక్కకపోవడం ఎందుకో 1905లో ఐన్‌స్టైన్ సిద్ధాంతంతో తేటపడింది.

ఇక బుధుడు. అతని కక్ష్య మెల్లగా పక్కకు తిరుగుతుంది. మిగతా గ్రహాల లాగుడు అంతా తీసేసినా నూరేళ్ళకు 43 సెకన్ల కోణం లెక్కకు రాలేదు. నెప్ట్యూన్ జాడ కాగితం మీద చెప్పిన లెవెరియే 1859లోనే ఈ తేడా గమనించి, లోపల ఇంకో గ్రహం ఉందన్నాడు. వెతికారు, లేదు. 1915 నవంబరులో ఐన్‌స్టైన్ ఇచ్చిన లెక్క మనమూ వేయవచ్చు. బుధుడి వేగం కాంతి వేగంలో 6,263వ వంతు. దాన్ని వర్గం చేస్తే మూడు కోట్ల 92 లక్షలలో ఒకటి. ఆరుతో, పైతో గుణించి, దారి కోడిగుడ్డులా ఉన్నందుకు 0.958తో భాగిస్తే, ఒక చుట్టుకు 0.1035 సెకన్ల కోణం. నూరేళ్ళకు బుధుడు 415 చుట్లు తిరుగుతాడు. గుణించండి, 43. ఇందులో నేను ఏరుకున్న అంకె ఒక్కటీ లేదు. 240 పెట్టినా, 144 పెట్టినా మారదు, పెట్టే చోటే లేదు. ఆ లెక్క తేలినరోజు కూడా మా ఆవిడకు చెప్పాను. ఈసారి పగటిపూట.

డిపాజిట్ ఆ ఏడాదే పగలగొట్టాం, ఆపరేషన్ కోసం. రెండు మోకాళ్ళూ ఆరు నెలల తేడాతో అయ్యాయి. ఆమె ఇవాళ మూడో వరుసలో కూర్చుని ఉంది, మేడమెట్లు ఎక్కే వచ్చింది. మరీ ఇంత చెప్పమనలేదు అన్నట్టు నన్ను చూస్తోంది.

నోటుబుక్కు తెచ్చాను, బల్ల మీద ఉంది, చూడదలచినవారు చూడవచ్చు. మన సభ్యుల్లో ఇలాంటి నోటుబుక్కులు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు, కొందరు నాకు చూపించారు కూడా. దాచుకోకండి. ఆదివారం పొద్దున ఏడుకు తిలక్ గార్డెన్‌కు పట్టుకురండి, మేమిద్దరం ఉంటాం. అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి 240 పెట్టి చూద్దాం.